సకినాలు పోసే నాటికే ఊరికి చేరుండ్రి – ఇంటిల్లిపాది కూసొని చేసుకునే పద్ధతి

సంక్రాంతికి ఊరికి పోయెటోళ్ళకు నేను ప్రతిసారి ఒక్కటే మాట చెప్త, భోగి నాడు పొద్దుగాల దిగి కనుమ అయిపోంగనే మళ్ళ బస్సెక్కే బదులు, వీలుంటే సకినాలు పోసే నాటికే ఇంటికి చేరుండ్రి. పండుగ రోజు ఎవరి హడావిడి వాళ్ళది, ఒకరు ముగ్గు కాడ, ఒకరు పొయ్యి కాడ, మొగోళ్ళు టీవీ కాడ, పిల్లలు పతంగులు పట్టుకొని మిద్దె మీద. సకినాలు పోసే నాడు అందరు ఒక్క అర్రల, సకినాలు పోసే ఒక్క బట్ట చుట్టు మూడు నాలుగు గంటలు కూసోవాలె, చేతులకు పిండి ఉంటది కాబట్టి ఫోన్ ముట్టే వీలే ఉండదు, ఇగ ముచ్చట పెట్టుకోక ఏం చేస్తరు. మా నాయనమ్మ పెండ్లి ఎట్లయింది, మా బాపు చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి చెరువు కట్టకు ఎట్ల పోయేటోడు, ఏ ఏడు వానల్లేక పండుగకు సకినాలే పొయ్యలేదు, ఇవన్ని నాకు తెలిసింది ఆ బట్ట చుట్టు కూసున్నప్పుడే.

అందుకే సకినాలు ఎట్ల చేసుకోవాల్నో, దాని చుట్టు ఇంటోళ్ళను ఎట్ల కూసోబెట్టుకోవాల్నో, రెండు కలిపే రాస్తున్న.

తెలియనోళ్ళ కోసం ఒక్క ముక్క. తడి బియ్యప్పిండిల నువ్వులు, ఓమ (ఆంధ్ర దిక్కు వాము అంటరు), ఉప్పు కలిపి, చేత్తోని చుట్లు చుట్లుగ తిప్పి, కొంచెం ఆరనిచ్చి నూనెల వేంచితే సకినాలు. కరీంనగర్, వరంగల్ దిక్కు ఇవి లేంది సంక్రాంతి లేదు, ఆడపిల్లను అత్తగారింటికి తోలేటప్పుడు సారెల గంపల కొద్ది పంపేది గూడ ఇవే. మురుకుల లెక్క గొట్టంల పెట్టి ఒత్తేది కాదు, అచ్చు లేదు, మిషన్ లేదు, అంత వేళ్ళ పనే. గందుకే ఇది ఒక్కరితోని అయ్యే పని కాదు, ఇదివరకు వాడకట్టుల ఇయ్యాల వీళ్ళింట్ల, రేపు వాళ్ళింట్ల అని వంతులు పెట్టుకొని ఒకరింటికి ఒకరు పోయి పోసి వచ్చేటోళ్ళు, మా దిక్కు ఇప్పటికీ కొన్ని వాడల అట్లనే నడుస్తది.

ముందుగాల రోజు ఖాయం చేసుకోండ్రి. పండుగకు నాలుగైదు రోజుల ముందైతే మంచిది, శనివారమో ఆదివారమో పడితే ఇంక మంచిది, పట్నం నుంచి వచ్చేటోళ్ళకు సెలవు కలిసొస్తది. సకినాలు మంచిగ ఆరబెట్టి డబ్బాల పోసుకుంటే నెల రోజుల దాక కరకరలాడుతనే ఉంటయ్, కాబట్టి ముందు చేస్తే పాడైతయన్న బుగులు అక్కర్లేదు. ఎంతమంది వస్తున్నరో చూసుకొనే బియ్యం నానబెట్టాలె. నలుగురు చుట్టేటోళ్ళు ఉంటే 2 కిలోలు హాయిగ అయితయ్, అందుల ఇద్దరు కొత్తోళ్ళు అయితే కిలోన్నర చాలు. ఎక్కువ నానబోసి సగం పిండి మిగిలిపోతే చివరికి అందరు అలిసిపోయి విసుక్కుంటరు, ముచ్చట పెట్టుకోవాల్సిన కాడ చిరాకు మొదలైతది, నాకు అది అస్సలు నచ్చదు.

బియ్యం సంగతి చెప్త. కొత్త బియ్యం కావాలె. వానకాలం పంట కోతలై కొత్త వడ్లు ఇంటికొచ్చే టైముకే ఈ పండుగ వస్తది, పెద్దోళ్ళు ఈ వంటను ఈ పండుగకే ఎందుకు పెట్టుకున్నరో పిండి పిసికినప్పుడు తెలుస్తది, కొత్త బియ్యప్పిండికి ఉండే జిగురు పాత బియ్యప్పిండికి ఉండదు, పాత బియ్యంతోని చుట్టవోతే మధ్యల మధ్యల పుటుక్కున తెగుతది. దొడ్డు బియ్యం అయినా సన్న బియ్యం అయినా ఫరక్ లేదు. మా దిక్కు చానామంది రేషన్ దొడ్డు బియ్యాన్నే పిండివంటలకు పక్కకు తీసి పెట్టుకునేటోళ్ళు, 2025 ఉగాది నుంచి రేషన్ల సన్న బియ్యమే ఇస్తున్నరు కాబట్టి ఇప్పుడు వాటితోనే చేస్తున్నరు, మంచిగనే వస్తున్నయ్.

రాత్రి బియ్యం రెండు మూడుసార్లు కడిగి నిండ నీళ్ళు పోసి నానబెట్టాలె, 8 నుంచి 10 గంటలు. పొద్దుగాల నీళ్ళు వంపి జల్లి బుట్టల అరగంట సేపు వడగట్టాలె. ఆ తర్వాత ఎండల ఆరబోయొద్దు, ఇది మర్చిపోవద్దు, గింజను ముట్టుకుంటే చెయ్యికి చల్లగ తగలాలె కానీ నీళ్ళు అంటొద్దు, ఆ తడి మీదనే గిర్నికి తీస్కపోవాలె. పండుగ ముందు ఊర్లల్ల గిర్ని కాడ తడి బియ్యానికి వేరే లైను ఉంటది, పొడి గోధుమలు పట్టే దాంట్ల తడివి పట్టరు, పొద్దుగాలనే పోతే ఎక్కువసేపు నిలబడే పని ఉండదు. ఈ గిర్ని పని పిల్లలతోని కలిపి పెట్టుకోండ్రి, మనవడినో మనవరాలినో తాతతోని తోలండ్రి, ఆ వేడి వేడి పిండి వాసన, తెల్లగైన కనురెప్పలతోని గిర్ని ఆయన, ఆ చప్పుడు, పట్నం పిల్లలకు ఇవన్ని కొత్తనే. గిర్ని లేని కాడ మిక్సీల కొంచెం కొంచెం వేసి పట్టి జల్లెడ పట్టుకోవాలె, పైన మిగిలిన రవ్వ మళ్ళ మిక్సీల వెయ్యాలె. పిండి మెత్తగ ఉండాలె, రవ్వ రవ్వ ఉంటే చుట్టేటప్పుడు తెగుతది. దుకాణంల దొరికే ప్యాకెట్ పొడి పిండి మాత్రం దీనికి పనికిరాదు, దాంట్ల ఎన్ని నీళ్ళు పోసినా ఆ గుల్లతనం రాదు, రాయి లెక్క అయితయ్.

ఇగ కొలతలు. మా పెద్దమ్మను అడిగితే "తవ్వెడు బియ్యానికి రెండు పిరికిళ్ళ నువ్వులు వెయ్యే బిడ్డా, ఉప్పు నోట్ల వేసుకొని చూస్కో" అంటది. ఆమె చెయ్యి ఆమెకు తెలుసు, మనకు తెలవాలంటే తూకం కావాలె. నేను చేసేది ఏందంటే, పెద్దోళ్ళు గిన్నెల వేసే ముందు నువ్వుల డబ్బా, ఓమ డబ్బా, ఉప్పు డబ్బా ఒక్కొక్కటి కిచెన్ తూకం మీద పెట్టి రాసుకుంట, వాళ్ళు వాళ్ళ చేత్తోనే వేసినంక మళ్ళ తూస్త, ఎంత తగ్గిందో అదే వాళ్ళ పిరికెడు. వాళ్ళను ఆపి "ఎన్ని గ్రాములు, ఎన్ని స్పూన్లు" అని అడుగుతే వాళ్ళ చెయ్యే తడబడుతది, వాళ్ళ పని వాళ్ళను చెయ్యనియ్యాలె. అట్ల తేలిన లెక్క 1 కిలో బియ్యానికి తెల్ల నువ్వులు 150 నుంచి 200 గ్రాములు, ఓమ 2 పెద్ద స్పూన్లు, ఉప్పు సుమారు ఒకటిన్నర పెద్ద స్పూన్. మీ ఇంట్ల కొంచెం అటూ ఇటూ ఉంటది, మీ ఇంటి లెక్కనే రాసుకోండ్రి, అదే మీకు సొంతం. కారం వెయ్యరు. ఈమధ్య కొందరు మిరపపొడి, జీలకర్ర వేస్తున్నరు, వేసుకునేటోళ్ళు వేసుకోవచ్చు గానీ నాకైతే నువ్వు, ఓమ రెండే ఉంటేనే సకినం.

నువ్వులు ముందు రోజే కడిగి ఇసుక పోయేటట్టు గాలించి ఆరబెట్టాలె, వేంచొద్దు. ఉప్పు ఉత్తగ పిండిల చల్లితే ఒక కాడ ఎక్కువ ఒక కాడ తక్కువ అయితది, గ్లాసు నీళ్ళల్ల కరిగించి పోసుకుంటే అంతట సమంగ పడుతది. పిండి మొత్తం ఒకేసారి కలపొద్దు. పొడిగ నువ్వులు, ఓమ మొత్తం కలిపి పెట్టుకొని, అందుల నుంచి ముద్దకు సరిపడంత తీస్కుంట నీళ్ళు పోసి పిసుకుతుండాలె, మిగిలిన దాని మీద తడి బట్ట కప్పి పెట్టాలె. ఎంత మెత్తగ అంటే, చపాతి పిండి కంటే మెత్తగ, గారెల పిండి కంటే గట్టిగ. ముద్ద చేతుల పట్టుకొని బొటనవేలుతోని ముందుకు తోస్తే తాడు లెక్క సాగుకుంట రావాలె, కారొద్దు, తెగొద్దు. తెగుతుంటే చెంచెడు నీళ్ళు, కారుతుంటే పిరికెడు పొడి పిండి. ఒకరు పిసుకుడు పని మీదనే కూసోవాలె, ఆ పని బలం ఉన్నోళ్ళకు ఇయ్యాలె, అన్నలకు, బావలకు, ఊకె చాయ్ తాగుకుంట తిరిగేటోళ్ళకు. పిండి ఎంత బాగ పిసికితే చుట్టు అంత నున్నగ వస్తది.

బట్ట పాత నూలు ధోతి అయితే బెస్ట్. గంజి లేనిది, ఉతికి ఆరేసినది. పాలిస్టర్ బెడ్‌షీట్ వద్దే వద్దు, అది తడి పీల్చదు, సకినం ఆరదు, తీసేటప్పుడు అంటుకొని చినుగుతది. ఫ్యాన్ బంద్ పెట్టుండ్రి, లేకపోతే కింద తడి ఉండంగనే పైన పొర కట్టి పగుళ్ళు వస్తయ్. మొదలు పిండి ముద్దతోని చిన్న గౌరమ్మను చేసి, పసుపు కుంకుమ పెట్టి బట్ట మీద నిలబెట్టి, ఆమె చుట్టు మొదటి సకినం పోస్తరు మా ఇంట్ల. గౌరమ్మను చేసే పని ఇంట్ల చిన్నపిల్లకు ఇస్తరు, నాకు ఆ వంతు వచ్చిన ఏడు ఎంత సంబురపడ్డనో ఇప్పటికీ యాదికుంది, పిండి కొంచెం పక్కకు ఒరిగితే మా మేనత్త వెనక నుంచి వేలు పెట్టి నిలబెట్టింది.

చుట్టుడు అసలు పని, ఇక్కడ తొందర పనికిరాదు. నిమ్మకాయంత ముద్ద కుడిచేతుల పట్టుకోవాలె, చేతి వేళ్ళ కొసలను కొంచెం తడి చేసుకోవాలె. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఈ మూడింటి మధ్యల పిండిని నలుపుకుంట మెలితిప్పుకుంట కిందికి దించాలె, మణికట్టు తిరుగుతుంటే చుట్టు పడుతుంటది. మెలి పడాలె, అదే ముఖ్యం, మెలి లేకపోతే సాఫుగ తాడు లెక్క ఉంటది, అది సకినం కాదు. ముందు నడుమ రూపాయి బిళ్ళంత బొక్క ఉంచి ఒక చుట్టు, దాన్ని ఆనుకొని రెండోది, దాన్ని ఆనుకొని మూడోది. చుట్టుకు చుట్టుకు మధ్య సందు ఉండొద్దు, సందుంటే వేంచేటప్పుడు విడిపోతది. మూడు చుట్లతోని మొదలువెట్టుండ్రి, చెయ్యి కుదిరినంక నాలుగు, ఐదు. పెండ్లి సారెకు పెద్ద పెద్దయి పోస్తరు గానీ ఇంట్ల తినేటందుకు నాలుగు చుట్లు చాలు, అంతకంటే పెద్దవైతే తీసేటప్పుడు ఇరుగుతయ్. ముద్ద అయిపోయిన కాడ కొసను పక్క చుట్టుకు మెల్లగ ఒత్తి అతికించి, కొత్త ముద్ద అక్కడి నుంచే మొదలుపెట్టాలె.

కొత్తగ నేర్చుకునేటోళ్ళు పెద్దోళ్ళ ఎదురుంగ కూసోవద్దు, పక్కన కూసోవాలె. ఎదురుంగ కూసుంటే వాళ్ళ చెయ్యి తిరిగే దిక్కు మనకు ఉల్టా కనిపిస్తది, పక్కన కూసుంటే సీదా కనిపిస్తది. మొదటి పది అడ్డంగ పోతయ్, పోనియ్యండ్రి. వాటిని మళ్ళ ముద్ద చేసి పిండిల కలుపుకుంటే అయిపాయె. పిల్లలకు చిన్న చిన్న ముద్దలు ఇచ్చి బట్టకు ఒక మూల వదిలెయ్యాలె, వాళ్ళు పాములు చేస్తరు, పేర్లు రాస్తరు, పువ్వులు చేస్తరు, అన్ని వేంచి పెట్టాలె, వాళ్ళు పోసినయి వాళ్ళ పళ్ళెంల వేస్తే ఆ ఏడుపులు, లొల్లి ఏం ఉండయ్. మొగోళ్ళకు రాదనేది ఉత్త మాట, మా చిన్న బాపు మా ఇంట్ల అందరికంటే సన్నగ పోస్తడు.

ఈ కూసున్నప్పుడే ముచ్చట తియ్యాలె. ఊకె "ఏదన్న చెప్పు నాయనమ్మా" అంటే "ఏముందే చెప్పేటందుకు" అంటది, అడిగే తీరుల అడగాలె. నీ పెండ్లికి మీ అమ్మగారింటి నుంచి ఎన్ని గంపలు వచ్చినయ్? పిండి గిర్నిల పట్టిచ్చేటోళ్ళా రోట్లె దంచేటోళ్ళా, రోకలి ఎవరు పట్టేటోళ్ళు? పండుగకు కొత్త బట్టలు ఎవరికి కుట్టిచ్చేటోళ్ళు, ఎవరికి కాదు? ఇట్ల వస్తువు పేరు పెట్టి అడుగుతే మనిషి యాదికొస్తడు, మనిషి యాదికొస్తే ఇగ ఆ ముచ్చట ఆగదు. రికార్డు చేద్దామనుకుంటే ఫోన్ బట్ట పక్కన డబ్బాకు ఆనిచ్చి చేతులు కనిపించేటట్టు పెట్టుండ్రి, ముఖం మీద పెడితే పెద్దోళ్ళు సిగ్గుపడి కొంగు సదురుకుంట కూసుంటరు. చేతుల మీద పెడితే ఫోన్ ఉందన్న సంగతే మర్చిపోతరు, చెయ్యి తిరిగే తీరు, గొంతు రెండూ దొరుకుతయ్. వాళ్ళకు చెప్పే పెట్టాలె మరి, చెప్పకుండ పెట్టుడు మంచిది కాదు.

పోసినయి అరగంట నుంచి గంట దాక ఆరాలె, చలి ఎక్కువుంటే ఇంక కొంచెం. బట్ట అడుగు తడి పీల్చుకుంటది, పైన రంగు ఇంక తెల్లబడుతది, అంచు కింద వేలు పెడితే మొత్తం ఒక్కటే బిళ్ళలెక్క లేస్తది, అప్పుడు తియ్యాలె. పూర్తిగ ఎండనియ్యొద్దు, ఎండితే పగులుతయ్. సన్నని అట్లకాడ పెట్టి లేపొచ్చు, లేకపోతే బట్ట కింద చెయ్యి పెట్టి మెల్లగ పళ్ళెంలకు ఒంపుకోవచ్చు, రెండోదే నాకు సులువు.

వేంచేటందుకు పల్లీ నూనె, వెడల్పు కడాయి. పిండి చిన్న చుక్క వేస్తే వెంటనే పైకి తేలాలె, అంత కాగినంక మంట నడిమికి తగ్గించి నాలుగైదు వేసుకోవాలె. నూనె కాగకముందే వేస్తే నూనె తాగుతయ్, మరీ కాగితే పైన ఎర్రగయి లోపల పచ్చిగుంటయ్. వెయ్యంగనే కదపొద్దు, నురగ కొంచెం తగ్గినంక ఒక్కసారి తిప్పాలె, నురగ మొత్తం తగ్గి చప్పుడు ఆగినంక తియ్యాలె. రంగు లేత బంగారం రంగు దాటొద్దు. బాగ తడి ఉన్నయి వేస్తే నూనె చిమ్ముతది, నువ్వులు గూడ చిటపటమంటయ్, పిల్లలను పొయ్యి కాడికి రానియ్యొద్దు. మా ఇంట్ల నడిమి బొక్కల సన్నని ఇనుప చువ్వ దూర్చి రెండు మూడు ఒకేసారి తీస్తరు, జల్లి గరిటె కంటే ఇరుగుడు తక్కువ.

గట్టిగ వచ్చినయంటే పిండి గట్టిగ కలిపిండ్రు లేకపోతే పాత బియ్యం. నూనెల విడిపోతున్నయంటే చుట్లు ఆనలేదు. రెండో వాయి చూసుకొని సరిచేసుకోవచ్చు కాబట్టి మొదటి వాయి తక్కువ వెయ్యండ్రి.

సగం వేగినయి కొన్ని పక్కకు తియ్యాలె, ఇది మాత్రం విడవొద్దు. మెత్తమెత్తగ ఉన్నప్పుడే ఎల్లిపాయ కారంల కొంచెం నూనె వేసుకొని అద్దుకొని తింటే, పొద్దటి నుంచి కూసున్న నడుం నొప్పి గూడ యాదికి రాదు. డబ్బాల పోసేవి మాత్రం పూర్తిగ చల్లారాలె, వేడి మీద మూత పెడితే ఆవిరి పట్టి మెత్తబడుతయ్, పేపర్ మీద పరిచి రెండు మూడు గంటలు వదిలి స్టీల్ డబ్బాల నిలువుగ పేర్చుకోవాలె.

ఊరికి పోలేనోళ్ళు, దేశం అవతల ఉన్నోళ్ళు గూడ చేసుకోవచ్చు. అక్కడ దొరికే సోనా మసూరి రాత్రంత నానబెట్టి మిక్సీల పట్టి సన్న జల్లెడతోని జల్లిచ్చుకుంటే పిండి వస్తది, కొత్త బియ్యం కాదు కాబట్టి ఇంకొంచెం ఎక్కువసేపు పిసకాలె. చలికి ఇండ్లల్ల హీటర్ నడుస్తది, ఆ గాలి పొడిగ ఉంటది, సకినాలు తొందరగ పగుళ్ళు వస్తయ్, పైన సన్నని తడి బట్ట కప్పి ఆరబెట్టుండ్రి. ఇంటికి వీడియో కాల్ చేసి ఫోన్ ఎదురుంగ పెట్టుకొని చుట్టుండ్రి, అమ్మ అక్కడి నుంచి "గట్ల కాదే, మణికట్టు తిప్పు" అని మొత్తుకుంటనే ఉంటది. తెలుగోళ్ళు నలుగురు దగ్గర ఉంటే వాళ్ళను పిలుచుకోండ్రి, ఆంధ్ర స్నేహితులు ఉంటే వాళ్ళు అరిసెలు చేస్తరు, మీరు సకినాలు, ఒకే రోజు రెండు వంటలు అయితయ్.

పంచుకునేటప్పుడు చిన్న జాగ్రత్త. ఇరిగినయి ఇంట్లకు, నిండువి వేరే డబ్బాల. మేనత్తలకు, ఆడబిడ్డలకు పంపేవి ముందే లెక్కపెట్టి పక్కకు పెట్టాలె, లేకపోతే పండుగ వచ్చేసరికి పిల్లలు సగం డబ్బా ఖాళీ చేస్తరు. బస్సుల తీస్కపోతే డబ్బాల పైన సందు లేకుండ పాత మెత్తటి బట్ట కుక్కాలె, కదలకుండ ఉంటయ్. పిల్లలు చేసిన పాములు, పేర్లు మాత్రం వాళ్ళ తాత నాయనమ్మల కాడనే ఉంచి రాండ్రి, వచ్చిపోయేటోళ్ళకు వాళ్ళు అవే చూపెట్టుకుంటరు.